గ్రాఫులో లేని చుక్క

జూన్ 12, 2008

ఇవాళ వెలిగింది.

తెరమీద గీత పైకి లేచి అక్కడే నిలబడింది. నమ్మకం కలగక యంత్రం ఆపి, గొట్టం కడిగి, మొదటినుంచి చేశాను. మళ్ళీ లేచింది. ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఉంటే ఏడ్చేదాన్ని కాదు.

ఇంటికొచ్చి చెబితే నాన్న, "ఇంతకీ ఏవిటమ్మా అది" అని ఎప్పటిలాగే అడిగారు. అన్నం తింటూ నాలుగు వేళ్ళు కలిపి చూపించాను. నాలుగు డీఎన్ఏ పోగులు నాన్నా, వేడి చేసి మెల్లగా చల్లారిస్తే వాటంతట అవే అల్లుకుని చిన్న పిరమిడ్ అవుతాయి. మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనంత చిన్నది. దాని ఒక అంచు మూసుకుని ఉంటుంది. బ్రూసెల్లా క్రిమి తాలూకు డీఎన్ఏ తగిలితేనే తెరుచుకుంటుంది, లోపలి రంగు వెలుగుతుంది. ఇంకేం తగిలినా తెరుచుకోకూడదు. ఆ క్రిమి పశువులకి వస్తుంది, గేదెలు ఈసుకుపోతాయి, అంటే కడుపులో దూడ నెలలు నిండకుండానే పోతుంది. పచ్చి పాలు తాగినా, పశువుల పురుడు పోసినా మనుషులకీ అంటుతుంది. సాయంత్రం జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. డాక్టర్లు మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులిస్తూనే ఉంటారు.

"అయితే మనుషులకి పనికొచ్చేదే" అన్నారు నాన్న. ఏజీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఇంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట రాదు.


జూన్ 16

మా గైడ్ శశిధర్ సార్ గీతలన్నీ చూశారు. శుద్ధమైన డీఎన్ఏతో వెలగడం గొప్ప కాదు, మనిషి రక్తంతో చూపించు అన్నారు. రోగుల రక్తం ఒక ఆసుపత్రి నుంచి వస్తుంది. రోగం లేనివాళ్ళది మనం తేవాలి. అందులోనూ పశువుల మధ్య తిరిగే ఆరోగ్యవంతులు కావాలట. వాళ్ళ రక్తానికి వెలగకుండా ఉంటేనే మన పిరమిడ్‌ని ఎవరైనా నమ్ముతారు.

నాకు తెలిసిన పాలవాళ్ళున్నారు సార్ అన్నాను.


జూన్ 21

పాతబస్తీలో గౌలిపుర వెళ్ళాను, రక్తం తీయడానికి ఆసుపత్రి నర్సుని వెంటబెట్టుకుని. రుక్మాబాయి మాకు పాలు పొయ్యడం నేను స్కూల్లో ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడు మా సైదాబాద్ వైపు పాలన్నీ ఆమె కొడుకు ఓదెలు టీవీఎస్ మీద తెచ్చి పోస్తున్నాడు. అంతకాలంగా వాళ్ళ పాలు తాగుతూ వాళ్ళింటికి వెళ్ళడం ఇదే మొదలు. రెండు గదులు, వెనక రేకుల కొట్టంలో బర్రెలు.

ఆ సందులో పాలవాళ్ళందరినీ రుక్మాబాయే పిలిచింది. డాక్టరమ్మ వచ్చిందని చెబుతోంది. నేను డాక్టర్ని కానని ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. ఇంట్లో వాళ్ళందరికంటే వెనక కోడలు, ఓదెలు భార్య గీతాంజలి కూర్చుంది. మూడో నెల. పెళ్ళయ్యాక చాలాకాలానికి వచ్చిన కడుపని అత్తకి కాలు నేల మీద నిలవడం లేదు. సూది చూసి గీతాంజలి మొహం తిప్పుకుని నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి వెచ్చగా ఉంది.

జ్వరం గాని ఒళ్ళునొప్పులు గాని ఉన్నాయా అని అందరినీ అడిగినట్టే అడిగాను. పొద్దుగూకే వేళకి ఒళ్ళు వెచ్చబడుతుందనీ నడుము గుంజుతుందనీ చెప్పింది. వట్టి మనిషి కాదు గద, గట్లనే ఉంటది అని అత్త కొట్టిపారేసింది. నేను 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. ఉంది అని పెడితే ఆరోగ్యవంతుల్లో లెక్కకి రాదు, మళ్ళీ ఇంకొకరిని వెతుక్కోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళకి నలతగా ఉండడం జ్వరం కిందకి రాదు.

వస్తూంటే రుక్మాబాయి గుమ్మం దాకా వచ్చింది.

"మా నెత్తురుల ఏమన్న ఉంటే చెప్తవు గద బిడ్డా?"

చెప్తాను, ఎందుకు చెప్పను అన్నాను.


జులై 10

గౌలిపుర శాంపిళ్ళు అన్నిటికీ జి అని పేరు. ఇవాళ పెట్టాను. అన్నీ చీకటి. సరిగ్గా ఎలా ఉండాలో అలా. జి-5 ఒక్కటే వెలిగింది.

జి-5 ఎవరిదో పరీక్షలన్నీ అయ్యేదాకా చూడకూడదని నియమం. చూడలేదు.


జులై 11

చూడకుండానే తెలుసు. జి-5 తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఉంది.


జులై 14

మళ్ళీ పెట్టాను. వెలిగింది. గొట్టంలో ఏదో కల్తీ అయి ఉండాలి. అదే బల్ల మీద రోగుల శాంపిళ్ళు కూడా పెట్టాను కదా. ఒక తుంపర చాలు.


జులై 17

మూడోసారి వెలుగు తగ్గింది. తగ్గింది కాబట్టి కల్తీయే. నిజమైన రోగమైతే మూడుసార్లూ ఒకేలా రావాలి.

సార్‌కి చెప్పాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇది ప్రయోగం, ఆసుపత్రి టెస్టు కాదు అన్నారు. ఎవరికో ఏదో రోగముందని చెప్పి, అది తప్పని తేలితే ఆ మనిషికి ఏం సమాధానం చెబుతాం అన్నారు. ఆరోగ్యవంతుల శాంపిల్, మూడోసారి తగ్గింది, కల్తీ అని రాసి పక్కన పెట్టు అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నిజంగానే లేదు.

జ్వరం సంగతి సార్ అడగలేదు.


జులై 19

అమ్మతో పాకెట్ పాలు వేయించమన్నాను. నాన్నకి కొలెస్ట్రాల్ కదా, బర్రె పాలు మంచివి కావు. ఎప్పటినుంచో అనుకుంటున్నదే.


జులై 27, ఆదివారం

బోనాలు. రుక్మాబాయి రమ్మని మరీ మరీ కబురు పెట్టింది. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను.

సందంతా వేపాకు తోరణాలు, డప్పులు. బోనం గీతాంజలి నెత్తిన పెట్టలేదు, కడుపుతో ఉందని రుక్మాబాయే ఎత్తుకుంది. గీతాంజలి పట్టుచీర కట్టుకుని గోడవారన కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చో అన్నాను.

కాసేపటికి రుక్మాబాయి వెనక నుంచి చెంబు పట్టుకొచ్చింది. అప్పుడే పిండిన పాలు, ఇంకా నురగ ఉంది. కోడలు రోజూ రెండు పూటలా తాగుతుందట, బిడ్డకి బలమని. గీతాంజలి తాగుతుంటే చూశాను. పెదవి మీద నురగ తుడుచుకుని నవ్వింది.

కాచి తాగితే మంచిది కదా అన్నాను.

రుక్మాబాయి నవ్వింది. "కాస్తే బలం పోతది బిడ్డా. నేను ముగ్గురిని గిట్లనే కన్న."

అయితే చెప్పినట్టే కదా. కాచి తాగమని చెప్పాను. వినకపోతే నేనేం చెయ్యను. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. ఏమీ ముట్టని ఉపవాసం అన్నాను.


జులై 28

చెప్పాను. కాచి తాగమని స్పష్టంగా చెప్పాను.


ఆగస్టు 3

ఇవాళ రుక్మాబాయి మా ఇంటికొచ్చింది. ఓదెలుతో కాదు, ఒక్కతే, బస్సులో. నేను నా గదిలో ఉన్నాను. తలుపు ఓరగా వేసి ఉంది.

పాలెందుకు మాన్పించారని అమ్మని అడిగింది. గొడవపడడానికి రాలేదు. నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"పాలల్ల నీళ్ళు గలిపినమని ఎవరన్న చెప్పిన్రా అమ్మా? చెప్తే నా ముంగట చెప్పుమనున్రి. మా ఓదెలు గసువంటోడు కాదు."

అమ్మ పాపం కంగారుపడింది. అదేం లేదు రుక్మా, ఆయనకి కొలెస్ట్రాల్ ఉందని మా సుధే చెప్పింది, చదువుకున్న పిల్ల కదా అంది. నా పేరు వినగానే రుక్మాబాయి గొంతు మారింది. సుధమ్మ చెప్పిందంటే సరే, దానికి అన్నీ తెలుసు అంది. నేను ఇంట్లో ఉన్నానా అని అడిగింది. అమ్మ నా తలుపు వైపు చూసి ఉంటుంది.

నేను మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. అమ్మ తలుపు తోసి చూసి, నిద్రపోతోంది అని చెప్పింది. లేపకున్రి అంది రుక్మాబాయి. చదువుకునే పిల్ల, అలిసిపోతది అంది.

ఆమె వెళ్ళాక కూడా చాలాసేపు కళ్ళు తెరవలేదు.


ఆగస్టు 4

ఒక మాట ఇక్కడైనా రాయాలి. కాచిన పాలల్లో ఆ క్రిమి బతకదు. అది నాకు బాగా తెలుసు. అమ్మ రెండుసార్లు కాస్తుంది. మా ఇంట్లో పాలు మాన్పించాల్సిన అవసరమే లేదు.

అవసరం లేకుండా ఎందుకు మాన్పించాను?

కల్తీ అని రాసిన దాన్ని నేను నమ్మలేదు. బెంగళూరు సదస్సులో పెట్టబోయే పోస్టరు కోసం నమ్మాను. ఇంటికొచ్చేసరికి నమ్మలేదు.


ఆగస్టు 22

పోస్టరు తయారైంది. గ్రాఫులో రోగులందరూ పైన, ఆరోగ్యవంతులందరూ కింద. మధ్యలో ఒక్క చుక్క కూడా లేదు. 'ఒక్క తప్పుడు వెలుగూ లేదు' అన్న వాక్యం నేనే రాశాను. సార్ దాని కింద గీత గీయమన్నారు. గీశాను.

చూడ్డానికి చాలా అందంగా ఉంది.


సెప్టెంబర్ 6

బెంగళూరు. పోస్టరుకి మొదటి బహుమతి. ఎవరో పెద్దాయన వచ్చి, ఇది పల్లెల్లో ఎంత ఉపయోగమో తెలుసా అమ్మాయ్ అన్నాడు. తెలుసు సార్ అన్నాను.


సెప్టెంబర్ 16

ల్యాబ్ నుంచి వచ్చి ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ చెప్పింది. గీతాంజలికి కడుపు పోయిందట. ఆరో నెల. మగపిల్లాడట.


సెప్టెంబర్ 17

ఎన్ని కారణాలైనా ఉండొచ్చు.


సెప్టెంబర్ 19

ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. ఒంట్లో రక్తం తక్కువ కావచ్చు. బరువు ఎత్తి ఉండొచ్చు. ఆ సందులో మెట్లు నున్నగా జారుతుంటాయి. ఆరో నెలలో పోయేవి ఏ కారణమూ లేకుండా కూడా పోతాయట, పుస్తకాల్లో చూశాను. బ్రూసెల్లా కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది. ఆ పేజీ చదవలేదు. ఎప్పుడో చదివినదే.

మూడోసారి వెలుగు తగ్గిందని రాశాను కదా. శాంపిల్ సగమే పోశాను. ఇంక మిగల్లేదని ల్యాబ్ పుస్తకంలో రాశాను. మిగిలింది. ఫ్రీజరులో ఇప్పటికీ ఉంది.


సెప్టెంబర్ 23

గౌలిపుర వెళ్ళాను.

గీతాంజలి చాప మీద పడుకుని ఉంది, దుప్పటి కప్పుకుని, ఈ ఉక్కలో. ఒళ్ళు కాలుతోంది. రుక్మాబాయి నన్ను చూడగానే ఏడ్చింది. ఓదెలు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముందు ఏవేవో అడిగాను. బర్రెల్లో ఏదైనా ఈసుకుపోయిందా అని అడిగాను. పోయిన చలికాలంలో ఒకటి, వేసవిలో ఒకటి అని ఓదెలు చెప్పాడు. రెండుసార్లూ కొట్టం శుభ్రం చేసింది గీతాంజలేనట.

అప్పుడు చెప్పాను. ఇట్లాంటి రోగం ఒకటుంది, బర్రెల నుంచి వస్తుంది, మందులున్నాయి, నయమవుతుంది, రేపే ఆసుపత్రికి వెళ్దాం అని. రక్తం తీసుకున్నాం కదా, అందులో కనిపించింది అన్నాను.

"ఎప్పుడు తెల్సింది అక్కా?" అన్నాడు ఓదెలు. ఊరికే అడిగాడు, అనుమానంతో కాదు.

నిన్న అన్నాను.

ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిన్న పొద్దున మిషన్‌లో వచ్చింది, వెంటనే వచ్చాను అన్నాను. 'వెంటనే' కూడా అన్నాను.

రుక్మాబాయి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు లేకుంటే మాకు ఎవరు చెప్పేటోళ్ళు బిడ్డా. ఈ పిల్ల గూడ పోతుండె నాకు."

చేతులు లాక్కోలేదు. లాక్కుంటే తెలిసిపోతుందని.


సెప్టెంబర్ 29

ఆసుపత్రి పరీక్షలో కూడా అదే వచ్చింది. చాలా ఎక్కువ ఉందట. నెలన్నర రెండు రకాల మాత్రలు వేసుకోవాలి.

అందరూ బయటికి వెళ్ళాక డాక్టర్ని అడిగాను. రెండు నెలల ముందు తెలిసి ఉంటే? కడుపుతో ఉన్నా ఇవ్వగలిగే మందు ఉందన్నాడు. అయితే బిడ్డ దక్కేవాడా అని అడిగాను.

చెప్పలేం అన్నాడు.


సెప్టెంబర్ 30

చెప్పలేం అన్నాడు డాక్టర్. దక్కేవాడు అనలేదు. చెప్పలేం.


అక్టోబర్ 19

గీతాంజలికి జ్వరం తగ్గింది. వారానికోసారి వెళ్తున్నాను. వెళ్ళినప్పుడల్లా నాకు కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు. గీతాంజలి అక్కా అక్కా అని కబుర్లు చెబుతుంది. పదో తరగతి దాకా హుస్సేనీ ఆలంలో చదివిందట, సైన్సంటే ఇష్టమట. బిడ్డ సంగతి ఎత్తదు.

పశువుల డాక్టరు వచ్చి బర్రెల రక్తం తీశాడు. రెండింటికి ఉంది. బేరగాడొకడు వచ్చి, ఎవరికీ చెప్పకు, నేను అంగట్ల అమ్ముకుంట అన్నాడట. ఓదెలు నన్ను అడిగాడు, కొనుక్కున్న వాళ్ళ ఇంట్లో కూడా ఇలాగే అవుతుందా అని. కావచ్చు అన్నాను. అయితే అమ్మను అన్నాడు. రెండింటినీ విడిగా కట్టేశాడు. పైగా పాలు పోసే ప్రతి ఇంటికీ తనే వెళ్ళి, మా కొట్టంల గిట్ల రోగం వచ్చింది, పాలు మంచిగ కాచి తాగున్రి అని చెప్పాడు. సగానికి పైగా ఇళ్ళు పాలు మానేశాయి.

మా ఇంటికి కూడా వచ్చి చెప్పాడు. మీరు ఎట్లాగూ మానేసిన్రు గని, పాతయి ఏమన్న తాగిన్రేమో, ఫికర్ జెయ్యకున్రి, అమ్మ కాస్తది గద అన్నాడు. నాన్న అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. వెళ్ళాక, ఎంత నిజాయితీ అన్నారు నాతో. అవును నాన్నా అన్నాను.


నవంబర్ 11

ఆసుపత్రి రిపోర్టు సార్‌కి చూపించాను. చూపించక తప్పలేదు. ఆయన చాలాసేపు కాగితం చూసి, నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టారు.

"అర్థమవుతోందా సుధా? డాక్టర్లకి దొరకని రోగిని మన పిరమిడ్ పట్టుకుంది. జి-5ని గ్రాఫులో పెట్టు. అసలు పేపరే అది."

ల్యాబ్ అందరికీ సమోసాలు తెప్పించారు.

ఒక్క క్షణం నాకూ సంతోషం వేసింది. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వేసింది. నా పిరమిడ్ తప్పు చెప్పలేదు అని.


డిసెంబర్ 7

పేపరులో గీతాంజలి పేరు లేకుండానే రాస్తాం, అయినా ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. కాగితాలు పట్టుకుని గౌలిపుర వెళ్ళాను. రుక్మాబాయి కొట్టంలో ఉంది. గీతాంజలి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మొహం నిండింది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

అందులో ఏముందో చదివి చెప్పమంది. సంతకం పెట్టించుకోవడం కోసం చదివి చెప్పాలి కూడా, అది రూలు. ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెబుతూ పోయాను. పాడి కుటుంబానికి చెందిన గర్భవతి. ఆరోగ్యంగా ఉన్నట్టు నమోదైంది. జులైలో చేసిన పరీక్షలో...

అక్కడ ఆగాను. ఆ నెల తీసేసి చదవొచ్చు. ఆమెకి తెలియదు. తీసేయాలనే నోరు తెరిచాను.

"జులైల?" అంది గీతాంజలి.

అవునన్నాను.

ఆమె పక్కనున్న చేటలో చెయ్యి పెట్టింది. వేళ్ళు గింజల్లో కదులుతున్నాయి.

"బోనాలకు వచ్చినప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను పాలు తాగుతుంటే చూసినవ్."

నేను కాగితాల అంచులు సరిచేశాను.

"మీ ఇంట్ల పాలు గందుకే బంద్ వెట్టిన్రా?"

"అవును."

"మీ ఇంటిమట్టుకు జాగర్త పడ్డవన్నట్టు."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. నేను ఏదో చెప్పబోయాను. అది టెస్టు కాదు, ప్రయోగం, తప్పు కావచ్చని, సార్ అన్నారని. మొదటి మాట నోట్లోంచి వస్తుండగానే ఆమె లేచి చేట తీసుకుంది.

"పో అక్కా. అత్తమ్మ వస్తది. ఆమెకు నేను చెప్త. నువ్వు చెప్పకు."

కాగితాలు గడప మీదే వదిలేసి వచ్చాను. సందు చివర దాకా వచ్చాక వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. అది కూడా చేశాను.


డిసెంబర్ 8

ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని అమ్మతో ఫోన్ చేయించాను.


డిసెంబర్ 10

అమ్మకి, నాన్నకి చెప్పాను. మొత్తం. పాలు ఎందుకు మాన్పించానో కూడా. అమ్మ ఏడ్చింది. ఆరోజు రుక్మ నేల మీద కూర్చుని అడిగిందే అంది, నిద్రపోతోందని నాచేత చెప్పించావే అంది. నాన్న భోజనానికి నా పక్కన కూర్చోలేదు.


జనవరి 18, 2009

ఓదెలు మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. అక్కా అని పిలవలేదు. గీత రమ్మంటుంది అని చెప్పి బండి తిప్పుకున్నాడు.

వెళ్ళాను. రుక్మాబాయి నన్ను చూసి కొట్టంలోకి వెళ్ళిపోయింది. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. గీతాంజలి గుమ్మంలో నిలబడే మాట్లాడింది. బాగా ఆలోచించుకున్నట్టుంది, తడుముకోలేదు.

"రాసుకో. సంతకం వెడ్త. ఇంకో ఆడిదానికి గిట్ల కాకుంటె మంచిదే. గని నాకు ఎందుకు తెల్వలేదో గది గూడ రాయాలె. రాసి దెచ్చి నాకు జెప్పు. గప్పుడు వెడ్త."


ఫిబ్రవరి 1

రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ఒకే ఒక్క వాక్యం. ఇవాళ తీసుకెళ్ళాను. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను.

పరీక్షాఫలితం ఆమెకు సకాలంలో తెలియజేయబడలేదు.

"తెలియజేయబడలేదు అంటే ఏంది?"

చెప్పలేదని అర్థం అన్నాను.

"ఎవరు?"

"నేను."

"అట్ల లేదు గద ఇండ్ల."

లేదు. ఇంగ్లీషులో కూడా లేదు. ఆ వాక్యంలో ఎవరూ లేరు. రాసేటప్పుడు, సైన్సు రాతలన్నీ ఇలాగే ఉంటాయి కదా అనుకున్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ వాక్యం. ఇన్ని రోజులు కష్టపడి చివరికి నేను లేని వాక్యం రాసుకున్నాను.

గీతాంజలి కాగితం నా చేతికి ఇచ్చేసింది. మళ్ళీ రాసుకొని రా అంది.

తలుపు వెయ్యలేదు. నేను సందు మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది. నన్ను సాగనంపడానికి కాదని తెలుసు.


ఫిబ్రవరి 2

ఇక్కడ తెలుగులో రాసి చూసుకుంటున్నాను.

గీతాంజలికి రోగం ఉందని నాకు జులైలో తెలుసు. నేను ఆమెకు చెప్పలేదు. సెప్టెంబర్‌లో ఆమె బిడ్డ పోయాడు. ఆ తర్వాత చెప్పాను, అప్పుడు కూడా నిన్ననే తెలిసిందని అబద్ధం చెప్పాను.

ఇందులో మొదటి రెండు వాక్యాలు పేపరులోకి, థీసిస్‌లోకి వెళ్తాయి. మిగతావి గీతాంజలికి నేరుగా చెప్పాలి. అబద్ధం సంగతి ఆమెకి ఇప్పటికే తెలుసు, అయినా నా నోటితో చెప్పాలి.


ఫిబ్రవరి 9

చెప్పాను. రుక్మాబాయి కూడా ఉంది. తన రెండు చేతులూ చీర కొంగుకి తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ. వాటితోనే ఆరోజు నా చేతులు పట్టుకుంది. ఒక్క మాటే అంది. "చెప్తనన్నవ్ బిడ్డా." ఇంకా బిడ్డా అనే అంది.

గీతాంజలి సంతకం పెట్టింది.


ఫిబ్రవరి 20

సార్‌తో రెండు గంటలు. ఆయన కోపగించుకోలేదు, బతిమాలినట్టు మాట్లాడారు. ఈ వాక్యంతో ఏ పత్రికా తీసుకోదు, కమిటీలు వస్తాయి, ల్యాబ్ మూతపడుతుంది, ఇదంతా ఎందుకు, రోగి బాగానే ఉంది కదా అన్నారు. ఆరోజు జ్వరం సంగతి నీకు తెలుసా అని మొదటిసారి అడిగారు. తెలుసన్నాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు, మళ్ళీ పెట్టుకోలేదు. నాకు చెప్పాల్సింది సుధా అన్నారు. అది నిజం. చెబితే ఏం చేసేవారో నాకు తెలియదు, కానీ చెప్పాల్సింది.

ఆ వాక్యం లేకుండా జి-5 ఉండకూడదని చెప్పాను. చివరికి పేపరులోంచి జి-5ని తీసేశారు. నా పేరు కూడా తీసేయమన్నాను. పేరు లేకపోతే డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. పోనీ.

థీసిస్ మాత్రం నాది.


డిసెంబర్ 14, 2009

థీసిస్ చివరి ప్రతిలో సార్ ఎర్ర ఇంకుతో ఒక్కచోటే దిద్దారు. 'నేను' అని రాయరు, 'మేము' అని గాని, ఎవరూ లేకుండా గాని రాయాలి అని. మేము కాదు సార్ అన్నాను. ఆయన సంతకం పెట్టారు.


డిసెంబర్ 20

బైండింగ్ అయి వచ్చింది. ఒక ప్రతి తీసుకుని గౌలిపుర వెళ్ళాను. రమ్మని ఎవరూ పిలవలేదు. గీతాంజలి గడప మీదే ఉంది, ఓదెలు బండి మీద పెట్టాల్సిన క్యాన్లు తుడుస్తూ. లోపలికి రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు. యెక్కడ రాసినవ్ అంది.

పేజీ తీసి చూపించాను. చేతులు తుడుచుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వాక్యం మొదట్లో ఉన్న ఇంగ్లీషు 'ఐ' అక్షరం మీద వేలు పెట్టింది. నిలువుగా, ఒక్కటే గీత.

"గిది నువ్వేనా?"

నేనే అన్నాను.